గల్లా దగ్గర అడగండి

పట్టుబడిన గూఢచారి విషపు గుళిక మింగుతాడని శిక్షణలో చెబుతారు. ఆ ఉదయం రైల్వే ప్లాట్‌ఫారం మీద పట్టుబడిన మనిషి మాత్రం గిఫ్ట్ కార్డు మింగబోయాడు. నలుగురు పట్టుకుని దవడలు విడదీయగా, పంటిగాట్లతో సహా ఆ కార్డు మధ్యాహ్నం రెండింటికల్లా పెద్దాయన బల్ల మీదికి చేరింది.

పెద్దాయన ఆ రహస్య శాఖకు అధిపతి. ఎదుట కూర్చున్నవాడు పదిహేనేళ్ళ అనుభవమున్న ఏజెంటు. పైవాళ్ళు ఔనన్నదాన్ని కాదనడం పుట్టుకతో వచ్చిన గుణం కనుక శాఖలో అందరూ అతణ్ణి మొండి అనేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవర్నో అనుకుని అతడే వెనక్కి తిరిగి చూసేవాడు.

"దీని ఖరీదెంత ఉంటుంది?" అన్నాడు పెద్దాయన.

మొండి కార్డును వెలుతురులోకి ఎత్తి చూశాడు. గిన్నెల బొమ్మ, పదహారు అంకెల నంబరు, గీకితే కనబడే పిన్. "షాపులో కొక్కేనికి వేలాడుతున్నప్పుడైతే సున్నా సార్."

"ఇప్పుడు నాలుగు లక్షలు. నువ్వు చెప్పవయ్యా."

పక్క కుర్చీలో ఉన్న ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. శాఖవారి రహస్య పరికరాలన్నీ అతని చేతిలో పుట్టినవే. పాఠం చెప్పడమంటే అతనికి ప్రాణం.

"కార్డులో డబ్బుండదు. అది ఉత్త ప్లాస్టిక్. డబ్బు లెక్క సర్వర్‌లో ఉంటుంది. కొనేవాడు గల్లాలో వెయ్యి కడతాడు, షాపువాళ్ళు టెర్మినల్ మీద కార్డు గీస్తారు, సర్వర్ ఆ నంబరు మీద వెయ్యి బ్యాలెన్స్ తెరుస్తుంది. దాన్ని యాక్టివేషన్ అంటారు. అప్పటిదాకా శిల్పి చెక్కిన రాయి, అప్పట్నుంచి దేవుడు."

"షాపువాడికి లాభమేంటి?"

"డబ్బు ఇవాళే వస్తుంది, సరుకు ఎప్పుడో ఇస్తాడు. కార్డు పుచ్చుకున్నవాడు వెయ్యికి వచ్చి పన్నెండొందలకి కొంటాడు. కొంతమంది మర్చిపోతారు, అసలు రారు. చిన్న షాపులకి ఇదంతా సొంతంగా పెట్టుకునే శక్తి ఉండదు కాబట్టి కంపెనీలే స్టాండు, కార్డులు, టెర్మినల్ ఉచితంగా ఇచ్చి కమీషన్ తీసుకుంటాయి. అలాంటి ఒక కంపెనీ మన దగ్గర నాలుగొందల షాపుల్లో ఉంది. దాని అసలు యజమానులు సరిహద్దు అవతల ఉన్నారు."

"విదేశీ ముఠా," అన్నాడు పెద్దాయన. "తమ గూఢచారులకి జీతాలు ఇలా ఇస్తోంది. బ్యాంకు లేదు, పేరు లేదు, సంతకం లేదు. షాపులో వేలాడే కార్డుకి సర్వర్ నుంచే ప్రాణం పోస్తారు. వీడు వస్తాడు, కొక్కెం మీంచి కార్డు తీసుకుని జేబులో వేసుకుని పోతాడు. ఇప్పటికి ముప్పై ఒక్క కార్డులు. అన్నీ ఒకే షాపు టెర్మినల్ పేరు మీద యాక్టివేట్ అయ్యాయి. ఆ షాపు గల్లాలో పైసా పడలేదు."

"ఎవరిదా షాపు?"

పెద్దాయన ఫొటో ముందుకు జరిపాడు. స్టీలు సామాను మధ్య, కళ్ళజోడు ముక్కు చివరికి జారవిడిచి, కెమెరాను కూడా అనుమానంగా చూస్తున్న యాభై అయిదేళ్ళ స్త్రీ. మొండికి ఆ చూపు తెలుసు. అతడు చిన్నప్పుడు పరీక్ష తప్పి వచ్చిన రోజున కూడా ఆమె అలాగే చూసింది.

"మీ అక్కగారు," అన్నాడు పెద్దాయన. "ముఠాకి గుమాస్తా. కంపెనీలో మన మనిషి హంస ఉంది కదా, ఆవిడ కబురు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు పందొమ్మిది మంది పేర్ల జాబితా ఇవాళ ఏడింటికి మీ అక్కగారి చేతి మీదుగా దాటుతుందట. ఆరింటికి మనం షాపు మీద పడతాం. గొడవ కాకుండా నువ్వే ఆవిణ్ణి తీసుకురా."

"తీసుకురాను."

"ఆర్డరు."

"మీ ఆర్డరు మీ దగ్గరే ఉంచుకోండి సార్. చిల్లర ఒక్క రూపాయి ఎక్కువొచ్చిందని రెండు వీధులు నడిచి తిరిగిచ్చిన మనిషి మా అక్క. ఆవిడ దేశాన్ని అమ్మిందంటే నేను నమ్మను. మీరు నమ్మితే మీ ఖర్మ."

ఇంజనీరు తన గోళ్ళు చూసుకున్నాడు.

"నువ్వు సస్పెండ్," అన్నాడు పెద్దాయన. "తుపాకీ ఇక్కడ పెట్టు. వాచీ తియ్యకు, నువ్వెక్కడున్నావో మాకు తెలియాలి. ఇంటికెళ్ళి పడుకో. ఆరు దాటాక మాట్లాడదాం."

మొండి ఇంటికే వెళ్ళాడు. ఆ వాచీ ఇంజనీరు చేసినదే. కట్టుకున్నవాడి నాడి కొట్టుకుంటున్నంతసేపూ ఆ మనిషి ఉన్న చోటు శాఖకు చెబుతుంది, విప్పితే వెంటనే కేకపెడుతుంది. అప్పుడు అతని మామగారు భోంచేసి, వాలుకుర్చీలో గాఢనిద్రలో ఉన్నారు. మొండి తన మణికట్టు నుంచి ఆయన మణికట్టుకు, చర్మం వదలకుండా, వాచీని మెల్లగా జరిపాడు. ఆయన గురక లయ తప్పలేదు. శాఖ తెర మీద మొండి ప్రశాంతంగా నిద్రపోతున్నాడు.

నాలుగు గంటలకు, గుబురు మీసంతో, చెవి దాకా దించుకున్న టోపీతో, భుజాన నిచ్చెనతో ఒక ఎలక్ట్రీషియన్ ఆ పాత్రల షాపులో అడుగుపెట్టాడు. గొంతు మార్చి, "కంపెనీ పంపించిందమ్మా, ట్యూబులైట్లు చూడమని," అన్నాడు.

అక్క గల్లా వెనక కూర్చుని గరిటెలు లెక్కపెడుతోంది. తల ఎత్తలేదు. "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఆ మీసం ఎవరిదిరా?"

మొండి చెయ్యి మీసం మీదికి పోయింది.

"శత్రుదేశాలని మోసం చేస్తావేమోగాని నన్ను చెయ్యలేవు. నడిచేటప్పుడు ఎడమ భుజం నాన్నలాగే వంచుతావు. ఎవరికన్నా అప్పుపడ్డావా? ఏంటీ వేషం?"

"నేను శత్రుదేశాలని మోసం చేస్తానని నీకెవరు చెప్పారు?"

"మాటవరసకన్నాను." అక్క ఇప్పుడు తల ఎత్తింది. అతని ముఖం చూసి గరిటె కింద పెట్టింది. "నిజమేనా? మరి తూనికల శాఖలో ఉద్యోగమన్నావు?"

"అదీ కొంచెం తూచే పనే అక్కా. కూర్చో."

"కూర్చునే ఉన్నాను. నువ్వు చెప్పు."

ఆ శాఖలో ఎవరూ ఇంతవరకు చెయ్యని పని మొండి చేశాడు. ఉన్నదంతా సొంత అక్కకు చెప్పేశాడు. అంతా విన్నాక అక్క సొరుగు లాగి కాగితాల కట్ట అతని ముందు పడేసింది.

"చదువు."

కంపెనీకి రాసిన ఉత్తరాల నకళ్ళు, తొమ్మిది. స్టాండు మీద కార్డులు పోతున్నాయని, ఇవాళ నాలుగు, ఆ వారం మూడు, మొత్తం ముప్పై ఒకటని, సంగతేమిటో చూడమని. ఒక్కదానికే జవాబుంది: యాక్టివేట్ కాని కార్డుకు విలువ లేదు గనుక తమరికి నష్టమేమీ లేదు.

"పొద్దు గుంకితే షాపులో ప్రతి వస్తువూ లెక్కపెట్టందే తలుపు వెయ్యను. స్పూనైనా, కార్డైనా. ప్లాస్టిక్ ముక్క పోయిందని గోల చేస్తావేంటని పక్క షాపువాళ్ళు నవ్వారు. మొన్న ఒక ముసలాయన మనవరాలికి కార్డు కొన్నాడు. ఆ పిల్ల వచ్చేసరికి అందులో బ్యాలెన్స్ లేదు. ఎవడో స్టాండు దగ్గరే నంబరు రాసుకుని, పిన్ గీకి మళ్ళీ అంటించాడు. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. నా చేతి డబ్బు వేసి ఇచ్చాను. నిన్న రాత్రి నుంచి స్టాండు మీద ఉత్త కవర్లే తగిలిస్తున్నాను."

"మరి కార్డులు?"

"ఈ సొరుగులో. కవరు తెచ్చి డబ్బు కడితే, కార్డు తీసి గీసి చేతికిస్తాను. ప్రతి కవరు వెనకా నా చేత్తో రాశాను, కార్డు కోసం గల్లా దగ్గర అడగండి అని. కంపెనీవాళ్ళకి చెప్పలేదు. చెబితే మాత్రం వింటారా?"

మొండి గుండె ఒక్కసారిగా తేలికపడింది. ఆ వెంటనే గోడ గడియారం కనిపించింది. "అక్కా, ఈ ఉత్తరాలు చాలవు. ముందే రాసిపెట్టుకున్నావంటారు. నా మాట విను. వెనక గుమ్మం నుంచి వెళ్ళిపో. రెండ్రోజుల్లో నేను సరిచేస్తాను."

"నేనా? వెనక గుమ్మం నుంచా?" అక్క కళ్ళజోడు పైకి తోసుకుంది. "ముప్పై ఏళ్ళుగా ముందు తలుపు తీసి కూర్చున్నదాన్ని. రానీరా మీ పెద్దాయన్ని. ఈ కుర్చీలోంచి నన్ను లేపి తీసుకెళ్ళాలంటే కుర్చీతో సహా మొయ్యాలి. బయట వీధి వీధంతా చూస్తుండగా మొయ్యాలి. నువ్వు ఆ నిచ్చెనెక్కు. ఎక్కినవాడివి ఎక్కినట్టు ఆ మూల లైటు నిజంగానే బాగుచెయ్, వారం నుంచి కొట్టుకుంటోంది."

అయిదు నలభై అయిదుకు, గడ్డం, నల్లకళ్ళజోడు, మెడ చుట్టూ మఫ్లరు ఉన్న మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. గిన్నెల వైపు కన్నెత్తి చూడలేదు. సరాసరి కార్డుల స్టాండుకు వెళ్ళి, నంబరు చూసి మూడో కొక్కెం మీది కవరొకటి తీసి కోటులో వేసుకున్నాడు. అదే కోటులోంచి మరో కవరు తీసి దాని చోట తగిలించాడు. ఎంత నేర్పుగా చేశాడంటే, నిచ్చెన మీద ఉన్నవాడికి తప్ప మరొకరికి కనిపించదు. మరుక్షణం వీధిలో ఉన్నాడు.

జీతం తీసుకున్నాడు. జాబితా పెట్టాడు.

మొండి ఒక మెట్టు దిగాడో లేదో, అత్తరు పరిమళం షాపంతా వ్యాపించింది. హంస వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, ముత్యాల పట్టీ ఉన్న చేతిసంచి, ఎవరికైనా సరే తమ కోసమే నవ్విందనిపించే నవ్వు. బంగారు లేడిని చూసి మోసపోవడానికి త్రేతాయుగమే కానక్కరలేదని మొండి అనుకున్నాడు. ముఖం గోడవైపు తిప్పుకుని మళ్ళీ పై మెట్టెక్కాడు.

"నమస్తే మేడమ్! పాత డిజైన్ కవర్లు తీసేయడానికొచ్చాను." ఆమె సరాసరి మూడో కొక్కెం దగ్గరికే వెళ్ళి, ఆరు కవర్లూ ఒక్కసారిగా సంచిలోకి దూసేసింది.

"ఆ ఒక్క కొక్కెందే పాతదా అమ్మాయ్?"

"మిగతావి రేపొచ్చి తీస్తాను."

మొండికి ఇప్పుడు అంతా అర్థమైంది. శాఖకు కబుర్లు తెచ్చే హంస ముఠా మనిషి. ఏడింటికని చెప్పింది, ఆరు కొట్టకముందే పని ముగించింది. ఆరింటికి అక్క అరెస్టయితే వెతికేవాళ్ళకు దోషి దొరుకుతుంది, ఇక వెతకరు. అతని చేతిలో తుపాకీ లేదు, అధికారమూ లేదు. ఆమె గుమ్మం వైపు నడుస్తోంది.

అప్పుడు గడ్డం మనిషి తిరిగి వచ్చాడు.

గుమ్మంలో ఆమెకు ఎదురుపడి, చూపుతోనే ఏదో చెప్పబోయి మానుకుని, నేరుగా గల్లా ముందు నిలబడ్డాడు. ఒగరుస్తున్నాడు. చేతిలో కవరు చింపి ఉంది. అది చూసి హంస గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమ్మా, ఇందులో కార్డు లేదు."

"లేదు," అంది అక్క.

"గల్లా దగ్గర అడగమని రాశారుగా. అడుగుతున్నాను. ఇవ్వండి."

"ఇస్తాను బాబూ. ఎంతకి కావాలి? డబ్బు కట్టండి."

ఆ మనిషి తెల్లబోయాడు. మొండి నిచ్చెన మీద కళ్ళు మూసుకుని ఆ కంఠం మరొక్కసారి విన్నాడు. మధ్యాహ్నం పాఠం చెప్పిన కంఠం. గిఫ్ట్ కార్డు గురించి లోకంలో ఉన్నదంతా తెలిసిన ఇంజనీరు, తన జన్మలో ఒక్క గిఫ్ట్ కార్డూ కొనలేదు. డబ్బు కట్టనివాడు ఖాళీ కవరు పట్టుకుని వచ్చి కార్డేదని అడగకూడదని అతనికి ఎవరూ నేర్పలేదు.

"కట్టేశాను. పొద్దున."

"పొద్దుట్నుంచి ఈ కుర్చీలోంచి నేను లేవలేదు. మీరు నా దగ్గర కట్టలేదు."

ఇంజనీరు గడియారం చూశాడు. ఆరింటికి ఈ షాపుకు సీలు పడుతుందని, సొరుగులో ఉన్నదంతా సాక్ష్యాల సంచిలోకి పోతుందని అతనికి తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. పందొమ్మిది ప్రాణాలు అమ్మిన వెల ఆ సొరుగులో ఉంది. దురాశ జాగ్రత్తను మింగేసింది.

"నంబరు చెబుతాను, చెక్ చేసుకోండి!" పదహారు అంకెలూ గుక్క తిప్పుకోకుండా వల్లించాడు.

హంస ముఖంలో నవ్వు ఆరిపోయింది.

అక్క తీరుబడిగా అంకెలు నొక్కింది. టెర్మినల్ చీటీ కక్కింది. కళ్ళజోడు సవరించుకుని చదివింది. "బ్యాలెన్స్ ఇరవై లక్షలు. ఇవాళ మూడు పదికి ఈ షాపులో యాక్టివేట్ అయిందిట. మూడు పదికి నేనొకావిడకి కుక్కరు మూత బిగించి చూపిస్తున్నాను." సొరుగులోంచి ఆ నంబరు కార్డు వెతికి తీసింది. రెండో చేత్తో కత్తెర తీసింది. "నా గల్లాలో పైసా పడకుండా నా షాపు పేరు మీద ప్రాణం పోసుకున్న కార్డిది. నా చేత్తో దీన్ని నీకివ్వను."

"వద్దు!"

కసుక్కుమంది కత్తెర. కార్డు రెండు ముక్కలై గల్లా మీద పడింది.

హంస సంచిలోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని మూత తీయగానే లోపల కనిపించింది సన్నని గొట్టం. "కత్తెర కింద పెట్టండి మేడమ్. ఆ ముక్కలిటివ్వండి."

"ఆ పెట్టుకునే రంగుతో నన్ను చంపుతావుటే?"

మొండి పై మెట్టు నుంచి ఉరుకుతూ నిచ్చెనను కాలితో తన్నాడు. నిచ్చెన పై అల్మరాకు తగిలింది. అల్మరాలో పేర్చిన స్టీలు బేసిన్లు దొంతరదొంతరలుగా, ఆకాశం విరిగిపడినట్టు, కిందికి దూకాయి. తూటా ఒక గాజు జాడీని పగలగొట్టింది. బేసిన్ల మధ్యనే దిగిన మొండి హంస మణికట్టును ఒడిసిపట్టాడు. ఇంజనీరు తలుపువైపు పరుగెత్తబోయి దొర్లుతున్న బేసిన్ మీద కాలు వేసి వెల్లకిలా పడ్డాడు. గడ్డం ఒకవైపు ఊడింది.

గడియారం ఆరు కొట్టింది. పెద్దాయన, వెనక ఆరుగురు, తుపాకులతో.

హంస అందరికంటే ముందు తేరుకుంది. "సార్! సరైన సమయానికొచ్చారు. ఈ అక్కాతమ్ముళ్ళు మమ్మల్ని చంపబోయారు!"

"నేను నిఘా కోసం ముందే వచ్చాను సార్," అన్నాడు ఇంజనీరు కింద నుంచే, గడ్డం సర్దుకుంటూ. "వీడి వాచీ ఇంట్లో ఉందంటోంది. చూడండి, మోసం!"

పెద్దాయన మొండిని, అతని వేలాడుతున్న మీసాన్ని చూశాడు. "నిన్ను ఇంట్లో ఉండమన్నాను."

"వినలేదు సార్."

పెద్దాయన తల ఊపాడు. ఒక అధికారి బేడీలతో గల్లా దగ్గరికి వెళ్ళాడు. అక్క చేతులు వెనక్కి తీసుకోలేదు, ముందుకూ చాపలేదు. గల్లా మీదనే రెండు అరచేతులూ ఆనించి కూర్చుంది.

"బేడీలు తర్వాత వేద్దురుగాని. ముందు ఒక లెక్క చూడండి. ఆ అమ్మాయి సంచిలో నా స్టాండు మీంచి తీసిన కవర్లు ఆరున్నాయి. అయిదింటి వెనక నా చేతిరాత ఉంటుంది. ఆ కొక్కేనికి నేను తగిలించింది ఆరు, అందులో ఒకటి ఈ గడ్డమాయన తీసి చింపాడు, అయిదే మిగలాలి. ఆరోది ఆయన తగిలించి పోయిందే, దాని మీద ఉండదు. అది ఎవరిదో, అందులో ఏముందో చూసి, అప్పుడు వెయ్యండి."

హంస వేలు మెల్లగా సంచి ముత్యాల పట్టీ మీదికి పాకింది. పట్టీ క్లిక్‌మంది. సంచిలోంచి సన్నని పొగ, ఘాటైన వాసన.

"యాసిడ్!" అని మొండి అరిచేలోగా అక్క కుర్చీలోంచి లేచింది. ఆ రోజంతటిలో లేచింది ఆ ఒక్కసారే. గల్లా మీదుగా వంగి సంచి లాక్కుని, సరుకు వాపసు తెచ్చినవాళ్ళ సంచి కుమ్మరించినట్టు, బల్ల మీద తలకిందులు చేసింది. ఆరు కవర్లు జారిపడ్డాయి. సంచి అడుగు కళ్ళెదుటే కరిగి చిల్లుపడింది. ఒక కవరు అంచు అప్పటికే మసిబారింది.

అయిదు కవర్ల వెనక గుండ్రని అక్షరాలు. మసిబారిన కవరు వెనక ఏమీ లేదు. పెద్దాయన దాన్ని స్వయంగా చింపాడు. గోరంత మెమరీ చిప్ ఆయన అరచేతిలో పడింది. ఇంజనీరు ఊడిన గడ్డాన్ని తనంతట తనే పూర్తిగా తీసేసి పక్కన పెట్టాడు. బేడీలు రెండు జతలు ఖర్చయ్యాయి. హంస వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, "ఖాళీ కవర్లు మేడమ్? మా ట్రైనింగ్ మాన్యువల్లో లేదే!" అంది.

"మీరు రాసింది నేను చదవలేదు. నేను రాసింది మీరు చదవలేదు," అంది అక్క.

షాపు ఖాళీ అయింది. పెద్దాయన టోపీ తీసి గల్లా ముందు నిలబడ్డాడు. "అమ్మా, మేము పొరబడ్డాం. మీ తప్పేమీ లేదు. శాఖ తరఫున క్షమించమని అడుగుతున్నాను."

"ఇక్కడ కాదు." అక్క వేలు గుమ్మం వైపు చూపింది. తుపాకీ చప్పుడుకు వీధిలోని షాపులవాళ్ళందరూ వచ్చి మూగారు. "వాళ్ళు చూస్తుండగా ఆరుగురితో నా షాపులోకి వచ్చారు. ఇవాళ మీరు చీకట్లో కలిసిపోతారు. రేపట్నుంచి వాళ్ళ ముఖాలు చూసి బతకాల్సింది నేను. ఆ మెట్టు మీద నిలబడి చెప్పండి."

"అమ్మా, మాది రహస్య శాఖ..."

"మీ రహస్యం మీరు దాచుకోండి. నా పరువు నాకివ్వండి."

పెద్దాయన మొండి వైపు చూశాడు. మొండి వంగి బేసిన్లు ఏరుకుంటున్నాడు. తన పై అధికారిని ఆదుకునే ఉద్దేశం అతని వీపులో ఎక్కడా కనిపించలేదు.

ముప్పై ఏళ్ళుగా గుసగుసలతోనే ఒక దేశాన్ని కాపాడిన ఆ మనిషి గుమ్మం మెట్టు మీదికి వచ్చాడు, వీధిని చూశాడు, మూడుసార్లు దగ్గాడు. "ఈవిడ ఏ తప్పూ చెయ్యలేదు," అన్నాడు.

"కొంచెం గట్టిగా," అంది అక్క లోపలినుంచి. "చివర నిలబడ్డవాళ్ళకి వినపడలేదు."